కైఫీయత్తుల మెకంజీ

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు పత్తి పంటకు, మిరప పంటకు పేరెన్నిక గన్నవి. మాఘ ఫాల్గుణ మాసాలలో ఆ ప్రాంతాన ప్రయాణించేవారికి కళ్లాలలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రతివాసీలు పరచినట్లు కనిపిస్తాయి. ఆ పల్లెలలో గుడి ముంగిటనో, చెరువు గట్టుమీదనో, రచ్చబండ పక్కనో అక్షరాలు చెక్కిన రాళ్లు ఉంటాయి. ఆ ఊరు ఎప్పుడు వెలసింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ రాజు కాలంలో ఏ ఉపద్రవం వచ్చింది అనే ప్రశ్నలకు కొన్ని సమాధానాలు ఆ రాళ్లమీద ఉన్నాయి. మరికొన్ని సమాధానాలు రెండు వందల సంవత్సరాల కిందట కాగితాల మీదికి ఎక్కాయి. ఆ కాగితాలకే కైఫీయత్తులని పేరు. కైఫీయత్తు అంటే స్థితిగతులను తెలిపే వృత్తాంతం. తెలుగునాట ఊరూరి చరిత్రను ఈ విధంగా వ్రాయించి భద్రపరచిన వ్యక్తిగా కల్నల్ కాలిన్ మెకంజీ పేరు చరిత్రలో నిలిచింది.

అయితే ఏ మహాపరిశోధన అయినా ఒక్కరి చేతి మీదుగా జరగదు. వివరాలు చెప్పినవారు, వ్రాసుకొన్నవారు, చదివి అర్థం చెప్పినవారు, అనువదించినవారు ఎందరో ఉంటారు. గ్రంథం అచ్చయిన నాడు ముఖపత్రం మీద కనిపించే పేరు మాత్రం తరచుగా ఒక్కటే. తక్కిన వారి శ్రమకు ఎవరు సాక్ష్యం చెప్పాలి? మెకంజీ జీవితం, ఆయన మరణానంతరం ఆయన సేకరణకు పట్టిన గతి ఈ ప్రశ్నను మన ముందు నిలుపుతాయి.

బాల్యం – భారతదేశ ఆగమనం

మెకంజీ స్కాట్లండు దేశానికి పడమట సముద్రం మధ్యనున్న లూయిస్ దీవిలో, స్టోర్నవే అనే రేవుపట్టణంలో 1754 ప్రాంతంలో జన్మించాడు. యౌవనంలో కొంతకాలం అక్కడి సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. ఆయనకు గణితశాస్త్రం మీద మక్కువ ఎక్కువ. లాగరిథమ్స్ అనే గణిత ప్రక్రియను కనిపెట్టిన జాన్ నేపియర్ వంశీయులు తమ పూర్వీకుని జీవితచరిత్రను వ్రాయ సంకల్పించి, ప్రాచీన హిందువుల గణిత విజ్ఞానాన్ని గురించి వివరాలు సేకరించే పనిలో మెకంజీ సహాయం పొందారు. భారతదేశం మీద ఆయనకు ఆసక్తి కలగడానికి అదొక కారణం. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో అడుగుపెట్టాడు. తిరిగి స్వదేశాన్ని చూడలేదు.

వచ్చిన తొలినాళ్లలో మధురలో నేపియర్ వంశీయురాలైన హెస్టర్ జాన్‌స్టన్ ఇంట పండితులతో పరిచయం కలిగింది. ఈ దేశపు విద్యలను తెలుసుకోవాలనే కోరిక అక్కడ బలపడింది. కాని ఆయన సైనికోద్యోగి, ఇంజనీరు. కోటల ముట్టడులు, దారుల కొలతలు, పటాల తయారీ ఆయన నిత్యకృత్యాలు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాలలోను, నైజాము రాజ్యపు సర్వేక్షణలోను ఏళ్లు గడిచిపోయాయి. కోరిక ఉన్నది, తీరిక లేదు. అంతకంటె పెద్ద లోటు మరొకటి ఉన్నది. ఆయనకు ఈ దేశభాషలు రావు. ఈ లోటును ఆయన చివరివరకు దాచుకోలేదు.

బొర్రయ్య పరిచయం

1796లో సింహళం నుండి తిరిగివచ్చిన తరువాత మెకంజీకి ఏలూరు వాస్తవ్యుడైన కావలి వెంకట బొర్రయ్యతో పరిచయమైంది. బొర్రయ్య అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడు. సంస్కృతం, తెలుగు, తమిళం, కన్నడం నేర్చినవాడు. ఇంగ్లీషు కూడా అలవరచుకొన్నాడు. ఏ కులంవారితోనైనా, ఏ మతంవారితోనైనా కలసిపోయి, వారి విశ్వాసాన్ని చూరగొనగల సౌజన్యం ఆయన సహజగుణం. పరిశోధకునికి భాషాజ్ఞానం ఎంత అవసరమో ఈ గుణం కూడా అంతే అవసరం. ఎందుకంటే సర్కారు ఉద్యోగి గ్రామంలోకి వచ్చి పాతకాగితాలు చూపమంటే, శిస్తు పెంచడానికో, మాన్యాలు లాక్కోవడానికో వచ్చాడని గ్రామస్థులు బెదరిపోయేవారు. వారి భయాన్ని పోగొట్టి, పెట్టె అడుగున దాచిన తాళపత్రాన్ని బయటికి తీయించడం అధికారంతో అయ్యే పని కాదు.

బొర్రయ్య మెకంజీకి దుబాసీగా చేరి, అనతికాలంలోనే పరిశోధనకు మార్గదర్శి అయ్యాడు. అప్పటికి చదివేవారు అరుదైన హళగన్నడ శాసనాలను చదివి అర్థం చెప్పాడు. వివరాలు సేకరించే మనుషులను ఎంపిక చేసి, వారికి శిక్షణ ఇచ్చాడు. ఆయన తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి కూడా ఈ పనిలో పాలుపంచుకొన్నారు.

కైఫీయత్తులు పుట్టిన తీరు

సేకరణ పని ఒక క్రమపద్ధతిలో సాగింది. సహాయకులకు మెకంజీ వ్రాతపూర్వకమైన సూచనలు ఇచ్చేవాడు. ఏ ఊళ్లకు వెళ్లాలి, ఏమేమి అడగాలి, ఏవేవి నకలు తీయాలి అనే విషయాలు వాటిలో ఉండేవి. సహాయకులు తాము ఎక్కడెక్కడ తిరిగారో, ఎవరెవరిని కలిశారో, ఏమి దొరికిందో, ఏమి దొరకలేదో తెలుపుతూ ఆయనకు నివేదికలు పంపేవారు. నారాయణరావు, ఆనందరావు, నిట్టల నాయన మొదలైనవారు ఏళ్ల తరబడి ఎండలలో, వానలలో ఊళ్లు పట్టుకొని తిరిగారు. జైన పండితుడైన ధర్మయ్య జైన గ్రంథాల విషయంలో తోడ్పడ్డాడు.

గ్రామంలో చరిత్ర ఎవరి దగ్గర ఉంటుంది? ముఖ్యంగా కరణాల దగ్గర. తరతరాలుగా గ్రామలెక్కలు వ్రాసిన కవిలెలు వారి ఇళ్లలో ఉండేవి. కవిలెలలో భూముల హద్దులు, దేవాలయ మాన్యాలు, అగ్రహార దానాలు, పాలకుల మార్పులు నమోదై ఉండేవి. కరణాలు వాటిని చూసి, పెద్దలు చెప్పుకొనే కథలను జతచేసి, తమ గ్రామ వృత్తాంతాన్ని వ్రాసి ఇచ్చేవారు. కొండవీడు, చేబ్రోలు వంటి చారిత్రక స్థలాలకే కాక, చిన్నచిన్న పల్లెలకు కూడా ఈ విధంగా చరిత్ర ఏర్పడింది. గజపతుల కాలంలో, రెడ్డిరాజుల కాలంలో, రాయల కాలంలో, మొగలాయీ కాలంలో ఆ ఊరి స్థితి ఎట్లా ఉండేదో వాటిలో చదువవచ్చు.

ఈ కైఫీయత్తులలో గమనింపదగిన అంశం ఒకటున్నది. వ్రాసినవారు తమకు తెలిసిన విషయం ఎక్కడినుండి తెలిసిందో తరచుగా చెప్పారు. ఇది శాసనంలో ఉన్నది, ఇది కవిలెలో ఉన్నది, ఇది పెద్దలు చెప్పుకొనే మాట అని వేరుచేసి చూపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. కరణాల పేర్లు కూడా చాలా కైఫీయత్తులలో కనిపిస్తాయి. రాతిలో ఉన్నదానికి, నోటిమాటగా వచ్చినదానికి తేడా చూపడం పరిశోధనకు మొదటి మెట్టు. ఆ మెట్టును విశ్వవిద్యాలయాలు చూడని గ్రామకరణాలు ఎక్కారు.

అమరావతి రాళ్లు

కృష్ణానది కుడిగట్టున ఉన్న అమరావతికి వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన రాజధానిని మార్చుకొన్న రోజులవి. కొత్త పట్టణానికి ఇళ్లు, గుళ్లు కట్టడానికి రాయి కావలసి వచ్చింది. దగ్గరలో దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉన్నది. దానిని తవ్వగా నునుపైన తెల్లని పలకలు బయటపడ్డాయి. వాటిమీద మనుషులు, ఏనుగులు, గుర్రాలు, తామరపూలు అద్భుతంగా చెక్కి ఉన్నాయి. ఈ వార్త విని మెకంజీ 1797 ప్రాంతంలో అక్కడికి వెళ్లాడు. సైనికవిధుల వల్ల ఎక్కువకాలం నిలవలేకపోయినా, చూసినంతవరకు వ్రాసుకొన్నాడు. 1807లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీవారి సంపుటంలో ఆ వివరాలు అచ్చయ్యాయి. అమరావతి శిల్పసంపదను గురించి బయటి ప్రపంచానికి తెలిపిన తొలి రచన అదే.

1816లో ఆయన మళ్లీ అమరావతికి వచ్చాడు. అప్పటికి దిబ్బ నడిభాగం చెరువుగా మారింది. పలకలు ఎన్నో మెట్లకు, గోడలకు వాడుకలోకి వెళ్లిపోయాయి. మిగిలినవాటికి కొలతలు తీయించి, చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ తరువాత కొన్ని పలకలు పూర్తిగా కనపడకుండా పోయాయి. ఈనాడు వాటిని గురించి తెలుసుకోవడానికి ఆ బొమ్మలే ఆధారం. ఆ బొమ్మలలో చాలావాటిమీద గీసిన తేదీ, గీసినవారి పేరు ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. అమరావతి కట్టడం జైనులకు సంబంధించినదని మెకంజీ భావించాడు. అది పొరపాటు. అది బౌద్ధస్తూపమని తరువాతి పండితులు నిరూపించారు. కాని ఆ నిరూపణకు మెకంజీ గీయించిన బొమ్మలు కూడా తోడ్పడ్డాయి. తన అభిప్రాయానికి తగినట్లుగా బొమ్మలను దిద్దించి ఉంటే, తప్పు తప్పుగానే నిలిచిపోయేది. కంటికి కనిపించినదాన్ని కనిపించినట్లు నమోదు చేయించడం వల్ల ఆయన తప్పును ఆయన సేకరణే సరిదిద్దింది. పరిశోధకుడు పొరపడవచ్చు. ఆధారాన్ని మాత్రం మార్చరాదు.

పేరు చెప్పిన ప్రచురణ

1803లో బొర్రయ్య మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మెకంజీకి ఇది తీరని లోటు. లక్ష్మయ్య అన్న స్థానంలో నిలిచి, సేకరణ భారాన్ని తలకెత్తుకొన్నాడు.

బొర్రయ్య బ్రతికి ఉన్న కాలంలో మైసూరు ప్రాంతంలోని ఒక జైన గురువు వద్ద ఆ మతానికి సంబంధించిన వివరాలు సేకరించి, ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ వ్యాసం కూడా 1807 నాటి ఏషియాటిక్ సొసైటీ సంపుటంలోనే అచ్చయింది. వ్యాసం శీర్షికలోనే, దీనిని అనువదించినవాడు కావలి బొర్రయ్య అనే విషయం స్పష్టంగా ఉన్నది. ఎవరి కోసం అనువదించాడో చెప్పేచోట మెకంజీ పేరు ఉన్నది. అప్పటికి బొర్రయ్య మరణించి నాలుగేళ్లయింది. ఆయన వచ్చి తన పేరు ఏదని అడిగే అవకాశం లేదు. దుబాసీల పేర్లు గ్రంథాలలో చేర్చాలనే నియమం ఆనాడు ఎక్కడా లేదు. దొర పేరుతో అచ్చువేసినా తప్పుపట్టేవారు ఉండేవారు కారు. అయినా పేరు అచ్చయింది.

1817 ఫిబ్రవరిలో మెకంజీ తన మిత్రుడు సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. అందులో తన కృషి చరిత్రను వివరిస్తూ, దేశభాషలు తనకు రావని ఒప్పుకొన్నాడు. భారతీయ విజ్ఞానమనే భవనపు వాకిలి తనకు తెరుచుకొన్నది బొర్రయ్య స్నేహం వల్లనేనని వివరించాడు. అన్న తరువాత ఆ బాధ్యతను తమ్ములు మోసిన సంగతి కూడా పేర్కొన్నాడు. అప్పటికి మెకంజీ సామాన్యోద్యోగి కాడు. 1810లో మద్రాసు రాజధానికి, 1815లో భారతదేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ పదవి పొందినవాడు. జావా దండయాత్రలో పాల్గొని, అక్కడ కూడా పరిశోధన సాగించి వచ్చినవాడు. అంతటి పదవిలో ఉండి, తన విజయానికి మూలం ఒక ఏలూరు యువకుడని వ్రాయడానికి సంకోచించలేదు.

ఇంత మాత్రాన మెకంజీ నిర్దోషి అని చెప్పలేము. ఆయన కంపెనీ సేవకుడు. ఆయన గీయించిన పటాలు కంపెనీ పాలనకు ఉపకరించాయి. ఆయన సేకరించిన తాళపత్రాలలో కొన్ని అసలు ప్రతులే. అవి తమ ఊళ్లను విడిచి దూరతీరాలకు వెళ్లాయి. వివరాలిచ్చిన గ్రామాలకు ఆ గ్రంథాలు తిరిగి అందలేదు. ఈ సంగతులను కూడా ఆయన గొప్పతనం పక్కనే ఉంచి చూడాలి.

మెకంజీ అనంతరం

1817లో మెకంజీ తన సేకరణతో, లక్ష్మయ్య మొదలైన సహాయకులతో కలకత్తాకు తరలివెళ్లాడు. ఉద్యోగభారం పెరిగింది. ఆరోగ్యం క్షీణించింది. సేకరించినదంతా క్రమపరచి గ్రంథరూపంలో ప్రకటించాలనే కోరిక నెరవేరకుండానే 1821 మే 8న ఆయన మరణించాడు.

ఆయన విడిచివెళ్లిన సంపద చిన్నది కాదు. గ్రంథాలు 1568, స్థానిక వృత్తాంతాలు 2070, శాసనాల నకళ్లు 8076, బొమ్మలు 2630, నాణేలు 6218 ఉన్నట్లు లెక్క తేలింది. ఈ సేకరణకు ఆయన తన సొంత ధనాన్ని విశేషంగా వెచ్చించాడు. కంపెనీవారు ఆయన భార్యకు లక్ష రూపాయలు చెల్లించి, దానిని కొన్నారు.

దీనికి వివరణాత్మకమైన పట్టికను తయారుచేసే పని హోరేస్ హేమన్ విల్సన్‌కు దక్కింది. విల్సన్ సంస్కృతంలో గొప్ప పండితుడు. కాని ఈ సేకరణలో అధికభాగం దక్షిణదేశ భాషలలో ఉన్నది. ఆ భాషలు ఆయనకు రావు. అందువల్ల మెకంజీ సహాయకులు చేసిన అనువాదాల మీద, సంక్షేపాల మీద ఆధారపడ్డాడు. 1828లో రెండు సంపుటాలుగా ఆ గ్రంథం విల్సన్ పేరుతో వెలువడింది. లోకంలో దానికి విల్సన్ పట్టిక అనే పేరు స్థిరపడింది. సంవత్సరాల తరబడి చదివి, సంక్షేపించి, అనువదించిన పండితుల శ్రమ ఆ పేరు వెనుక దాగిపోయింది.

ఆ తరువాత దక్షిణ భాషల గ్రంథాలు మద్రాసుకు తిరిగివచ్చాయి. లక్ష్మయ్య కూడా మద్రాసులో ఉన్నాడు. అన్నతో కలసి మొదలుపెట్టిన పనిని పూర్తిచేయాలని ఆయన ఆశ. 1830 తరువాతి సంవత్సరాలలో మద్రాసులో ఒక హిందూ సాహిత్య సంఘాన్ని నెలకొల్పి, మెకంజీ పరిశోధనను కొనసాగించడానికి అనుమతి, సహాయం ఇవ్వవలసిందిగా ప్రభుత్వాన్ని కోరాడు. సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్ ఆయన ప్రయత్నాన్ని సమర్థించాడు. ప్రభుత్వం ఈ విషయంలో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం కోరింది.

సొసైటీవారి పరిశీలక సంఘం 1836లో తన అభిప్రాయాన్ని ప్రకటించింది. అప్పుడు సొసైటీకి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. అశోకుని బ్రాహ్మీలిపిని చదివి చరిత్రకు మహోపకారం చేసిన పండితుడాయన. అటువంటివారు ఉన్న సంఘం లక్ష్మయ్య పంపిన సంక్షేపాన్ని చూసి, ఈ పనికి ఆయన యోగ్యత చాలదని తేల్చింది. అంతటితో ఆగలేదు. ఆయనకే కాదు, ఈ దేశస్థులలో ఎవరికైనా అంతటి యోగ్యత ఉంటుందని చెప్పలేమని, సహాయకులుగా మాత్రం వారు ఉపయోగపడవచ్చునని అభిప్రాయపడింది.

ఒక రచనను పరిశీలించి, అందులో దోషముంటే చూపడం పరిశీలకుల ధర్మం. లక్ష్మయ్య సంక్షేపంలో లోపాలుంటే వాటిని ఎత్తిచూపడం న్యాయమే. కాని వ్రాసినవాని పుట్టుకను బట్టి, అతని జాతివారందరికీ యోగ్యత లేదని నిర్ణయించడం పరిశీలన అనిపించుకోదు. దాదాపు నలభై సంవత్సరాలు ఆ గ్రంథాల మధ్య జీవించిన కుటుంబానికి చెందిన వ్యక్తి ఆయన. ఆ గ్రంథాలు ఎక్కడ దొరికాయో, ఎవరి దగ్గర దొరికాయో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అప్పటికి లేరు. ఆ అనుభవానికి ఆ నిర్ణయంలో విలువ దక్కలేదు. పని మరొకరి చేతికి, విలియం టేలర్ అనే మతబోధకుని చేతికి వెళ్లింది. ఆయన కష్టపడి 1838లో ఒక పరిశీలన గ్రంథాన్ని, తరువాత మూడు సంపుటాల పట్టికను ప్రకటించాడు. ఆ పట్టికలో లోపాలున్నట్లు తరువాతి పండితులు గుర్తించారు. లక్ష్మయ్య పూర్తిచేసి ఉంటే ఆ గ్రంథం ఎట్లా ఉండేదో చూసే భాగ్యం లోకానికి కలగలేదు.

ఆయన తమ్ముడు రామస్వామి మాత్రం తన దారి తాను చూసుకొన్నాడు. దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో వ్రాసి, 1829లో తన పేరుతోనే కలకత్తాలో ప్రచురించాడు. అందులో అన్న బొర్రయ్య జీవితాన్ని కూడా చేర్చాడు. ఇతరులు మరచిపోయే అవకాశమున్న పేరును తమ్ముడు అచ్చులో నిలిపాడు.

కాగితాల రక్షణ

మద్రాసు చేరిన కైఫీయత్తులకు మరొక ఆపద వచ్చింది. కాగితాలు పాతబడ్డాయి. పురుగులు తొలిచాయి. సిరా వెలిసిపోసాగింది. మూలాలు నశిస్తే, వాటిని గురించి ఎవరేమి వ్రాసినా నిజమో అబద్ధమో తేల్చే దారి ఉండదు. ఈ ప్రమాదాన్ని చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గుర్తించాడు. శిథిలమవుతున్న కైఫీయత్తులకు లేఖకులచేత శుద్ధప్రతులు వ్రాయించి సంపుటాలు కట్టించాడు. వీటికి స్థానిక చరిత్రలని పేరు. మూలాలు చెడిపోయినచోట ఈ నకళ్లే నేడు ఆధారం.

ఈ లోగా గుంటూరు సీమను మహాక్షామం పట్టి పీడించింది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన ఆ కరువులో లెక్కకు మిక్కిలిగా జనం మరణించారు. ఎన్నో కుటుంబాలు ఊళ్లు విడిచి వెళ్లిపోయాయి. చెప్పే పెద్దలు పోయిన తరువాత ఊరి కథ చెప్పేవారు ఎవరు? కరువుకు కొద్దికాలం ముందే ఆ కథలు కాగితం మీదికి ఎక్కి ఉండడం ఆ ప్రాంతపు అదృష్టం. అవి నేడు చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తకాలయంలో ఉన్నాయి. తరువాతి కాలంలో కొన్ని అచ్చయ్యాయి. చరిత్ర పరిశోధకులు, భాషాశాస్త్రజ్ఞులు, ఊరిపేర్ల మీద పనిచేసేవారు ఇప్పటికీ వాటిని ఆశ్రయిస్తున్నారు.

ఈ జీవితం నేర్పే పాఠం

నేటి పరిశోధన ప్రచురణకు నియమాలున్నాయి. ఒక వ్యాసం పత్రికకు వస్తే ఆ రంగంలోని నిపుణులు దానిని పరిశీలిస్తారు. పనిలో నిజంగా పాలుపంచుకొన్న ప్రతివారి పేరు రచయితల వరుసలో ఉండాలి. పాలుపంచుకోనివారి పేరు గౌరవం కోసమైనా చేర్చరాదు. ఇతరుల మాటను, భావాన్ని తీసుకొంటే వారి పేరు చెప్పాలి. ఆధారాలను మార్చరాదు, దాచరాదు. మనదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి ప్రత్యేకంగా నిబంధనలను జారీచేసింది. ఈనాటి విద్యార్థి ఒక ప్రాజెక్టు నివేదిక వ్రాసినా, రేపు ఒక సిద్ధాంతగ్రంథం వ్రాసినా ఈ ధర్మాలకు కట్టుబడి ఉండవలసిందే.

మెకంజీ కాలంలో ఇటువంటి నిబంధనలు లేవు. అయినా 1807 సంపుటంలో బొర్రయ్య పేరు అచ్చయింది. 1836 నాటికి పరిశీలక సంఘం ఉన్నది, పద్ధతి ఉన్నది. అయినా లక్ష్మయ్యకు న్యాయం జరగలేదు. నియమం అవసరం. దానిని అమలుచేసేవారిలో నిష్పక్షపాతబుద్ధి అంతకంటె అవసరం. పేరు చేర్చడానికి నియమం లేని రోజుల్లో మనస్సాక్షి ఆ పని చేయించింది. మనస్సాక్షి మౌనం వహించినప్పుడు సంఘం ఉండి కూడా అన్యాయాన్ని ఆపలేకపోయింది.

కొండవీటి కోట మెట్లెక్కినప్పుడు, అమరావతిలో స్తూపం చుట్టూ తిరిగినప్పుడు, సొంత ఊరి గుడిముందు శాసనపు రాయి కనిపించినప్పుడు మెకంజీ జ్ఞాపకం రావడం సహజం. ఆయనతోపాటు కావలి సోదరులను, ఎండలో ఊరూరా తిరిగిన సహాయకులను, పలకల ముందు కూర్చుండి బొమ్మలు గీసిన చిత్రకారులను, కవిలె విప్పి తమ ఊరి కథ వ్రాసి ఇచ్చిన కరణాలను కూడా తలచుకోవాలి. తన పనిలో తోడు నిలిచినవారి పేర్లు చెప్పిన మనిషిని స్మరించుకొనేటప్పుడు, ఆ పేర్లను విడిచిపెట్టడం ఆయనకు తగిన గౌరవం కాదు.

ప్రశ్నలు

1. కైఫీయత్తులు ఏ విధంగా రూపొందాయి? వాటిలో కరణాల పాత్రను వివరించండి.
2. అమరావతి విషయంలో మెకంజీ చేసిన పొరపాటు ఏది? అది సరిదిద్దడానికి వీలు కలిగించిన పద్ధతిని తెలపండి.
3. బొర్రయ్య శ్రమకు మెకంజీ ఇచ్చిన గుర్తింపును, లక్ష్మయ్యకు పరిశీలక సంఘం నుండి ఎదురైన అనుభవాన్ని పోల్చి వ్రాయండి.
4. మీ ఊరి చరిత్రను సేకరించవలసి వస్తే ఎవరిని కలుస్తారు? వారి పేర్లను మీ రచనలో ఎట్లా పేర్కొంటారు?